పొద్దుగూకితేనే నల్గొండ

మే నెల మిట్టమధ్యాహ్నం నల్గొండ గడియారం సెంటర్‌కు వెళ్లి చూడండి. సగం దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. ఆటోలు చెట్ల నీడన సర్దుకుని ఉంటాయి. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకరిద్దరు తప్ప రోడ్డు మీద మనిషి కనపడడు. ఊరికి ఏమైనా అయిందా అని కొత్తవాళ్లు కంగారు పడతారు కూడా.

ఏమీ కాలేదు. ఊరు పడుకుంది, అంతే. సాయంత్రం ఆరు దాటనివ్వండి, అప్పుడు లేస్తుంది.

మొదట లేచేవి బండ్లు. ముంజల బండి, చెరుకురసం బండి, బత్తాయి రసం బండి, మిర్చి బజ్జీల బండి... వరుసగా వచ్చి ఎవరి చోట వాళ్లు నిలుస్తారు. ఏడయ్యేసరికి ప్రకాశం బజారు వైపు నడవాలంటే భుజాలు రాసుకుంటూ పోవాల్సిందే. బట్టల దుకాణాల్లో పెళ్లిళ్ల జనం, స్టీలు సామాన్ల కొట్లలో పెళ్లి పెట్టుబడుల జనం. పగలంతా ఇంట్లో కూలర్ ముందు కూర్చుని విసిగిపోయిన పిల్లలు ఐస్‌క్రీం కోసం, వాళ్ల వెనక నాయనమ్మలు కాస్త గాలి కోసం. పగలు చేయాల్సిన పనులన్నీ ఇక్కడ వేసవి మూడు నెలలూ రాత్రికి వాయిదా పడతాయి.

కారణం ఊరి చుట్టూ చూస్తే తెలుస్తుంది. ఒకవైపు కాపురాల గుట్ట, ఇంకోవైపు లతీఫ్ సాహెబ్ గుట్ట. రెండూ నల్లటి బండలే. నీలగిరి అన్న పాత పేరు ఈ గుట్టల వల్లే వచ్చిందంటారు. చూడ్డానికి అందంగానే ఉంటాయి గానీ వేసవిలో మాత్రం ఊరి మీద పెట్టిన పెనాలే. పగలంతా ఎండను తాగి, చీకటి పడ్డాక నెమ్మదిగా ఆ వేడిని వదులుతాయి. అందుకే ఇక్కడ సాయంత్రం ఏడింటికి కూడా గోడలు సెగలు కక్కుతాయి. గాలి చల్లబడేది పది దాటాకే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఈ నేల మీద పుట్టిందంటే నమ్మొచ్చు.

నవ్వులాటకు చెప్పుకునే ఎండ కాదిది. 2015 మే చివరివారంలో నల్గొండలో 45 డిగ్రీలు దాటింది. ఆ వేసవిలో దేశమంతటా వడగాడ్పులకు 2 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తెలంగాణలో ఎక్కువమందిని పోగొట్టుకున్న జిల్లాల్లో అప్పటి ఉమ్మడి నల్గొండ ఒకటి. అటువంటి వడగాడ్పులకు మొదట చిక్కేది కూలికి వెళ్లినవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు, పని ఆపితే పూట గడవని ముసలివాళ్లు. ఆ తర్వాత వేసవి వస్తోందంటే ఊళ్లో చలివేంద్రాలు ముందుగానే వెలుస్తున్నాయి. తడిగుడ్డ చుట్టిన రంజన్లు, పక్కనే గొలుసు కట్టిన గ్లాసు. కొన్నిచోట్ల అంబలి, సల్ల కూడా పోస్తారు. దూప తీర్చినవాడి పేరు అడగని దానం అది. రంజన్ నిండి ఉందో లేదో చూసే మనిషి ఉన్నంతకాలమే అది చలివేంద్రం. ఎవరూ చూడకపోతే ఫ్లెక్సీ మాత్రమే మిగులుతుంది. అలాంటివీ కొన్ని ఉంటాయి, దాచాల్సిన పనిలేదు.

వేసవి పండుగలకు ముహూర్తం పెట్టేది రామగిరి. ఊరి నడిబొడ్డున రామాలయం ఉన్న పేట ఇది. శ్రీరామనవమికి ఇక్కడ జరిగే సీతారాముల కల్యాణం చూడడానికి ఊరు ఊరంతా కదులుతుంది. కల్యాణం జరిగేది మధ్యాహ్నం ఎండలోనే. పందిరి కింద పానకం గ్లాసుతో, వడపప్పు దొన్నెతో చెమటలు తుడుచుకుంటూ నిలబడతారు. పానకంలో బెల్లం, మిరియాలు, యాలకులు ఎందుకు వేశారో పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేదు, నల్గొండ ఏప్రిల్ ఎండలో ఒక గ్లాసు తాగితే చాలు. అసలు సందడి మాత్రం దీపాలు పెట్టాకే. గల్లీ గల్లీకి పందిళ్లు, మైకులు, భజనలు, ఆడపిల్లల కోలాటాలు. చుట్టుపక్కల పల్లెల్లో అయితే చిరుతల రామాయణం ఆడేవాళ్లు ఇంకా ఉన్నారు. చేతుల్లో చిరుతలు, కాళ్లకు గజ్జెలు. పగలు పొలం పనికి పోయినవాళ్లే రాత్రి రాముడూ రావణుడూ అవుతారు. ఆట మొదలయ్యేది భోజనాలయ్యాక, ముగిసేది ఎప్పుడో ఎవరికీ తెలియదు.

ఇక రంజాన్ సంగతి. ఈ పండుగ చంద్రుడి లెక్కన ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి కొన్నేళ్లు వేసవిలోనే పడుతుంది. 2019లో మే నెలంతా ఉపవాసాలే. అంత ఎండలో పదిహేను గంటల దాకా మంచినీళ్లు ముట్టకుండా ఉండి, సాయంత్రం ఖర్జూరంతో ఉపవాసం విడిచి, తరావీ నమాజు అయ్యాక బజారుకొచ్చేవాళ్లు. ఆ నెల రాత్రులు ఊరికి నిద్ర ఉండేది కాదు. హలీం బట్టీల దగ్గర అన్ని మతాలవాళ్లూ ఒకే వరుసలో గిన్నెలు పట్టుకుని నిలబడేవాళ్లు. ఇప్పుడు రంజాన్ చలికాలం వైపు జరిగిపోయింది. మళ్లీ మే నెలకు రావాలంటే ముప్పై మూడేళ్ల చక్రం పూర్తవ్వాలి. 2019లో నాన్న భుజం మీద కూర్చుని బజారు చూసిన పిల్లాడు, తన పిల్లల్ని భుజం మీద ఎక్కించుకుని ఆ వేసవి రాత్రిని చూడాలన్నమాట.

పిల్లలంటే గుర్తొచ్చింది. బడులకు సెలవులివ్వగానే మేకల అభినవ్ స్టేడియం నిండుతుంది. వేసవి శిక్షణ శిబిరాలంటే తెల్లవారుజామున ఐదున్నరకే పిల్లల్ని లేపే పని. ఎండ ఎక్కేలోపు పరుగులు, ఆటలు అన్నీ అయిపోవాలి మరి. ఎన్జీ కాలేజీ మైదానానిది ఇంకో తీరు. పొద్దున నడకకు వచ్చేవాళ్లు, సాయంత్రం క్రికెట్ కుర్రాళ్లు, ఎన్నికలొస్తే సభలు, ఎగ్జిబిషన్ వస్తే జెయింట్ వీలు. 1956లో పుట్టిన ఈ కాలేజీలో చదవకపోయినా ఆ మైదానంలో ఒక్కసారీ అడుగుపెట్టని నల్గొండవాడు అరుదు. జెయింట్ వీలు పైకి లేచినప్పుడు ఊరి దీపాలన్నీ, గుట్ట మీది దర్గా దీపాలతో సహా, కింద పరుచుకుని కనిపిస్తాయి. ఎన్ని మాల్స్ వచ్చినా ఈ సరదా వేరు.

బజారు గోల వద్దు, కాస్త చల్లగా కూర్చుందాం అనుకునేవాళ్లకు పానగల్లు ఉంది. సెంటర్ నుంచి నాలుగు కిలోమీటర్లు. ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని, ఇప్పుడు నల్గొండ పట్టణంలో ఒక భాగం. కాలం రాజధానులతో ఎలా ఆడుకుంటుందో చూడండి! పొద్దు ఉండగానే వెళ్తే ముందు ఛాయా సోమేశ్వరాలయం చూడాలి. పొలాల మధ్య నిలిచిన మూడు గర్భగుడుల ఆలయం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోయినా ఆ నీడ మాత్రం కదలదు. ఏ స్తంభానిదా అని వెతికితే ఏ ఒక్కదానిదీ కాదు. బయటి వెలుగు లోపలి స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చేలా వాటిని అమర్చడంలోనే ఆ కిటుకంతా ఉంది. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కింద వెలుగును అంత లెక్కగా వాడుకున్నవాళ్లకు ఈ ఊరి ఎండ ఎలాంటిదో బాగా తెలిసే ఉంటుంది. దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం. గోడల మీద రామాయణ, భారత కథలు, ఆవరణలో మ్యూజియం.

గుళ్లు చూసి చెరువు కట్ట ఎక్కేసరికి పొద్దుగూకుతుంది. ఉదయ సముద్రం అని పేరు పెట్టారంటే అతిశయోక్తి అనుకుంటారు గానీ, కట్ట మీద నిలబడితే పేరు తప్పేమీ కాదనిపిస్తుంది. చోడరాజు ఉదయుడి పేరు మోస్తున్న ఈ చెరువు ఇప్పుడు ఒకటిన్నర టీఎంసీల జలాశయం. నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు, అక్కంపల్లి మీదుగా కాలువలో ఇక్కడికి చేరతాయి. ఈ నీళ్ల విలువ నల్గొండవాళ్లకు చెప్పనక్కర్లేదు. భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉన్న జిల్లా ఇది. వంగిపోయిన వెన్నులు, గారపట్టిన పళ్లు ఈ జిల్లా పేరును దేశమంతా తిప్పాయి. నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందిస్తే, దానికి ప్రపంచమంతా వాడే పేరు ‘నల్గొండ టెక్నిక్’. ఒక ఊరికి ఇలాంటి కీర్తి రావడం ఎవరూ కోరుకునేది కాదు. అందుకే వేసవి సాయంత్రం ఈ కట్ట మీద పిల్లలతో కూర్చున్న పెద్దవాళ్లు చెరువు నిండుగా ఉందా, ఎంత దిగింది అన్నది ముందు చూస్తారు. గాలి, అందం ఆ తర్వాత. నీటి మీంచి వచ్చే గాలి మాత్రం నిజంగా చల్లగానే ఉంటుంది. టిఫిన్ డబ్బాల్లో పులిహోర, దద్దోజనం తెచ్చుకుని, చీకటి పడేదాకా కూర్చుని, దోమలు లేపితే లేస్తారు.

నల్గొండ రాత్రుల్లో అన్నిటికంటే పెద్దది మాత్రం ఊళ్లో లేదు. నార్కట్‌పల్లి దారిలో, చెరువుగట్టు మీద ఉంది. అదీ చందమామ లేని రాత్రి. ప్రతి అమావాస్యకూ జడల రామలింగేశ్వరస్వామి గుట్ట మీద వేలమంది రాత్రి నిద్ర చేస్తారు. పరశురాముడు ప్రతిష్ఠించిన నూట ఎనిమిది లింగాల్లో ఇది చివరిదని స్థలపురాణం. గుహలో స్వామి, గుట్ట కొసన మూడు గుండ్లు, కింద ఎల్లమ్మ తల్లి. మూడు గుండ్ల సందులో మనిషి పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాలి. లావుపాటివాళ్లను వెనకనుంచి చుట్టాలు తోస్తుంటే, ముందున్నవాళ్లు చేయందిస్తుంటే భయం, భక్తి, నవ్వు అన్నీ ఒకేసారి.

ఏళ్ల తరబడి మందులు వాడినా తగ్గని జబ్బులవాళ్లు, మనసు కుదురులేక అల్లాడేవాళ్లు, పిల్లలు లేనివాళ్లు... ఇక్కడ నిద్ర చేస్తే బాగవుతుందని నమ్మి వస్తారు. కొందరు ఐదు అమావాస్యలు, కొందరు పదకొండు అని మొక్కుకుంటారు. జబ్బుకు డాక్టరు కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఆ రాత్రి అక్కడ చూస్తే ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. ఇంట్లో ఒక మూల ఉండిపోయిన మనిషిని ఆ రాత్రికి ఇంటిల్లిపాదీ వెంటబెట్టుకుని వస్తారు. మెట్లెక్కలేకపోతే పట్టుకుని ఎక్కిస్తారు. పక్కన చాప పరిచి పడుకోబెట్టి, విసనకర్రతో విసురుతూ తెల్లవార్లూ మేలుకుంటారు. వేసవి అమావాస్యల్లో గుట్ట మీది బండ అర్ధరాత్రి దాకా వెచ్చగానే ఉంటుంది. దుప్పటి తడిపి పరుచుకునేవాళ్లూ ఉంటారు. పక్క చాప మీది కుటుంబం మహబూబ్‌నగర్‌దో, ఖమ్మందో. తెల్లారేసరికి రెండు కుటుంబాలూ సద్దిమూటలు పంచుకుని ఉంటాయి.

హైదరాబాద్ నుంచి రావాలనుకుంటే వంద కిలోమీటర్ల ప్రయాణం. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దగ్గర కుడివైపు తిరిగితే ముందు గట్టు, తర్వాత ఊరు. రైలైతే బీబీనగర్–నడికుడి మార్గం. 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ కూడా నల్గొండలో ఆగుతుంది. బసకంటే ముఖ్యం వేళ. పగలు వస్తే ఊరి మీద అపోహతో వెళ్తారు.

రాత్రి పదిన్నరకు గడియారం సెంటర్‌లో బండ్లు సర్దుకునే హడావుడి. ముంజలు తెచ్చినవాళ్లు తెల్లవారకముందే తాళ్లెక్కించి, కాయ కోయించి, మధ్యాహ్నమంతా తడి గోనెల కింద కాపాడుకున్నవాళ్లు. మిగిలితే రేపటికి పనికిరావు. కాబట్టి ఆఖరి అరగంటలో బేరమాడితే డజనుకు రెండు ఎక్కువే వేస్తారు. అది తెలిసి కావాలనే ఆలస్యంగా వచ్చే గడుసువాళ్లూ ఉన్నారు. రోడ్లు వెడల్పయ్యాక ఈ బండ్లవాళ్లకు నిలబడే చోటు కోసం ప్రతి వేసవీ ఒక కొత్త వెతుకులాట. ఈ మూడు నెలల సంపాదనే పిల్లల బడి ఫీజు. కూడలిని ఎంత అందంగా తీర్చినా, సాయంత్రం ఈ బండ్లు లేకపోతే అక్కడికి ఎవరు వస్తారో ఆలోచించాలి.

ఈ సందడంతా జూన్ మొదటివారం దాకా. మృగశిర కార్తె మొదలైన రోజు, ఇక్కడి మాటలో ‘మిరుగు’, ఊరు మొత్తం చేపల కోసం లేస్తుంది. ఆ పూట చేప తింటే వానాకాలపు రోగాలు రావని పెద్దల నమ్మకం. తెల్లారకముందే మార్కెట్ దగ్గర బారులు. రవ్వ, బొచ్చె, కొర్రమీను... ధర అడిగితే గుండె గుభేలుమంటుంది. అయినా సంచి ఖాళీగా ఇంటికి పోయేవాడు ఉండడు. అప్పటికి ఆకాశంలో మబ్బు తునకలు కనిపిస్తుంటాయి. ఆ రాత్రి గడియారం సెంటర్‌లో ముంజల బండి చోట మొక్కజొన్న కంకుల బండి నిలబడి ఉంటుంది.