కప్పు మీది పేరు

రాండప్పా, కూర్చోండి. శెనక్కాయలు వేయించినాను, ఒలుచుకుంటా వినండి.

2024 సెప్టెంబరులో మన అనంతపురం ఆర్‌డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ జరిగింది గదా. ఇషాన్ కిషన్ ఈ నేల మీదే సెంచరీ కొట్టిపోయినాడు. ఏడాదంతా కలిపినా దాదాపు 550 మిల్లీమీటర్లే పడే ఈ కరువు సీమలో అంత పచ్చటి మైదానమా అని చూసినోళ్లు ముక్కున వేలేసుకున్నారు. 1969లో ఇక్కడికొచ్చి ఇక్కడే మట్టిలో కలిసిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్‌డీటీ సంస్థ చలవ అది.

ఆట చూసి ఇంటికొస్తుంటే మనవడు అడిగినాడు: "తాతా, దులీప్ అంటే ఎవురు? ఆడినోళ్లలో ఆ పేరే లేదే?"

ఆ ప్రశ్నకు నాకు ప్రాణం లేచొచ్చింది. దారి పొడుగునా చెప్పినాను. దులీప్‌సింహ్‌జీ, రంజీ ట్రోఫీకి పేరైన రంజిత్‌సింహ్‌జీకి తమ్ముడి వరసో అన్న వరసో కాదురా, సోదరుడి కొడుకు. 1905లో పుట్టినాడు. మనకింకా టెస్టు జట్టే లేని రోజులు, ఇంగ్లండుకు 12 టెస్టులు ఆడినాడు. 1930లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియా మీద 173, అదే ఏడు ససెక్స్ తరఫున 333. ఆ తర్వాత రెండేళ్లకే ఊపిరితిత్తుల జబ్బు. 27 ఏళ్లకే బ్యాటు పక్కన పెట్టేసినాడు. 1959లో పోయినాడు, 1961-62లో ఆయన పేరిట ఈ ట్రోఫీ మొదలైంది.

"ఇరవై ఏడేళ్లకేనా!" అన్నాడు వాడు. కాసేపు మాట్లాడలేదు.

బడిపిల్లలకూ అట్లాంటి కప్పుండేది. కూచ్ బెహార్ ట్రోఫీ, 1945-46లో మొదలైంది. ఇప్పుడు 19 ఏళ్ల లోపు వాళ్లు ఆడతారు. 23 లోపు వాళ్లదేమో మన తెలుగింటి సి.కె.నాయుడు పేరిట. 1932లో దేశానికి తొలి టెస్టు కెప్టెన్. అరవైకి దగ్గరపడినాక 1953-54లో ఆంధ్ర జట్టును తొలిసారి రంజీ బరిలోకి దింపింది కూడా ఆయనే.

మా బళ్లోనూ తరగతుల మధ్య క్రికెట్‌కు ఒక ఇత్తడి కప్పుండేది. ఎవరో కొడుకు, పోయిన నాయన పేరు చెక్కించి ఇచ్చినాడు. ప్రతి ఏడూ ఆగస్టు పదిహేనుకు ముందు చింతపండుతో తోమేవాళ్లం. తోమీ తోమీ పేరు అరిగిపోయింది. చివర "జ్ఞాపకార్థం" ఒక్కటే మిగిలింది. నేను గెలిచిన ఏడు ఆ మాట మీద వేలు పెట్టి తడుముకున్నాను గానీ, ఎవరి జ్ఞాపకమని ఒక్క అయ్యవారినీ అడగలేదు.

మనవడు అడిగినాడు.