తిరిగొచ్చిన మెయిల్ మీద ఏం రాసుంది?

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. అప్పటికి రెండు రాత్రులుగా నాకు సరిగ్గా నిద్ర లేదు. మర్రిగూడలో మా ఇంటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, 'మైగ్రేషన్ సక్సెస్' అని టీమ్ గ్రూపులో మెసేజ్ పెట్టి గంట కూడా కాలేదు. హెల్ప్‌డెస్క్ కాల్స్ ఆ రోజు నా నంబర్‌కే వచ్చేలా పెట్టుకున్నాను.

అవతల ఒక అమ్మాయి. మేం మెయిల్ సర్వర్ మార్చిన కంపెనీలో, వరంగల్ బ్రాంచిలో ఉద్యోగి. అరవలేదు, తిట్టలేదు. మెల్లగా ఒకటే అడిగింది.

"అన్నా, మెయిల్ వాపస్ వచ్చిందంటే వాళ్ళకు ముట్టనట్టేనా?"

నేను చెప్పిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. "కొత్త సర్వర్ కదా మేడమ్, సెట్ అవ్వడానికి కొంచెం టైమ్ పడుతుంది. ఓ రెండు గంటలు ఆగి మళ్ళీ పంపండి."

ఆ రెండు గంటలే ఆమె దగ్గర లేవు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

కొంచెం వెనక్కి వెళ్తాను. హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని మాల్ దాకా వచ్చి, అక్కడ లోపలికి తిరిగితే మా మర్రిగూడ వస్తుంది. నల్గొండ జిల్లా. పేపర్లో మా మండలం పేరు వచ్చిందంటే పక్కనే ఫ్లోరైడ్ అనే మాట ఉంటుంది. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు తాగి నడుం వంగిపోయినవాళ్ళు, కాళ్ళు వంకర పోయినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. మా నాయిన ఈ చుట్టుపక్కల గ్రామీణ డాక్ సేవక్‌గా చేసి రిటైరయ్యాడు. నేను ఇంజనీరింగ్ చేసి, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి, కరోనా టైంలో ఇంటికొచ్చాను. ఇప్పుడు వారంలో సగం రోజులు ఇక్కడ్నుంచే పని. కంపెనీల మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. తండ్రీకొడుకులిద్దరిదీ ఒకటే పని అని మా అమ్మ నవ్వుతుంది. ఆయన సైకిల్ మీద చేశాడు, నేను కుర్చీలో కూర్చుని చేస్తున్నా.

ఆ వారం పని ఇదీ. ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది. చిన్న కంపెనీవాళ్ళ 740 మెయిల్ బాక్సులు పాత ఎక్స్ఛేంజ్ సర్వర్ నుంచి పెద్ద కంపెనీ సర్వర్‌కు మార్చాలి. ఉద్యోగుల మెయిల్ అడ్రస్‌లు అవే ఉంటాయి, అవి ఉండే ఇల్లు మాత్రం మారుతుంది.

ఇల్లు మారడం లాంటిదే ఇదీ. సామాన్లు ముందు నుంచే తరలించాలి. పాత మెయిల్స్ రెండు వారాల ముందు నుంచి వెనకాల కాపీ అవుతూ వచ్చాయి, చివరి రాత్రికి కొసరు మాత్రమే మిగిలింది. ఆ తర్వాత ఎంఎక్స్ రికార్డు మార్చాలి. అది పిన్ కోడ్ లాంటిది. మన దేశంలో పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అది ఉత్తరాన్ని సరైన పోస్టాఫీసు దాకా తెస్తుంది, మన గడప దాకా తేదు. ఎంఎక్స్ రికార్డు కూడా అంతే. 'ఈ కంపెనీ మెయిల్స్ ఈ సర్వర్‌కు తెచ్చి ఇవ్వండి' అని బయటి లోకానికి చెప్తుంది. లోపల ఏది ఎవరి డబ్బాలో వెయ్యాలన్నది ఆ సర్వర్ పని.

ఎంఎక్స్ మార్చినా బయటి సర్వర్లు పాత జవాబును కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. అందుకే రెండు రోజుల ముందే ఆ గడువును 300 సెకన్లకు తగ్గించాను. అంటే ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలకు తగ్గించిందీ నేనే, రెండు గంటలు ఆగమని ఆ అమ్మాయికి చెప్పిందీ నేనే.

టెస్టింగ్ కూడా చేశాను. జీమెయిల్ నుంచి లోపలికి పంపాను, వచ్చింది. లోపల్నుంచి బయటికి పంపాను, పోయింది. ఒక ఉద్యోగి నుంచి ఇంకో ఉద్యోగికి పంపాను, ముట్టింది. క్యూ ఖాళీ. సక్సెస్ మెసేజ్ పెట్టింది ఆ ధైర్యంతోనే.

పదిన్నర కల్లా ఫిర్యాదులు ముప్పై దాటాయి. అన్నీ ఒకలాంటివే, కానీ ఒక లెక్కకు రావు. ఒకాయన తన మేనేజర్‌కు పంపితే వెళ్ళింది, పది నిమిషాల తర్వాత అదే మేనేజర్‌కు పంపితే తిరిగొచ్చింది. బయటివాళ్ళతో ఎవరికీ ఇబ్బంది లేదు, ఆఫీసు లోపలే గొడవ. నేను సర్టిఫికెట్లు చూశాను, కనెక్టర్లు చూశాను, ఫైర్‌వాల్ టీమ్‌ను లైన్లోకి లాగాను. మా తప్పేం లేదన్నారు వాళ్ళు. నిజమే, వాళ్ళ తప్పు కాదు.

పదకొండు దాటాక నాయిన వచ్చి గడప మీద కూర్చున్నాడు. నా మొహం చూసి అడిగాడు.

"ఏమైందిరా?"

"మెయిల్స్ వాపస్ వస్తున్నయ్ నాయినా."

"వాపస్ వచ్చినదాని మీద ఏం రాసుంది?"

"డెలివరీ ఫెయిల్డ్ అని వస్తుంది. అందరూ అదే స్క్రీన్‌షాట్ పంపుతున్నరు."

"గది కాదురా. ఊకనే వాపస్ రాదు గదా. ఎందుకొచ్చిందో రాసే పంపుతరు. సదివినవా లేదా?"

పోస్టులో ఉత్తరం తిరిగి పంపాలంటే కారణం రాయాలి. తలుపు తాళం వేసి ఉంది. అలాంటి మనిషి లేడు. అడ్రస్ సరిపోదు. తీసుకోనన్నాడు. ఊరు విడిచి పోయాడు, ఎక్కడికో చెప్పలేదు. ఒక్కోదానికి చేయాల్సిన పని వేరు. తాళం వేసి ఉంటే రేపు మళ్ళీ పోవాలి. అలాంటి మనిషే లేడంటే మళ్ళీ పోయి లాభం లేదు.

మెయిల్‌లోనూ అచ్చం ఇదే. మెయిల్ నడిచే పద్ధతిని 1982లోనే ఎస్ఎంటీపీ అనే పేరుతో కాగితం మీద పెట్టారు. అందులో 4తో మొదలయ్యే కోడ్ వస్తే 'ఇప్పుడు కుదరదు, తర్వాత రా' అని అర్థం. పంపే సర్వర్ ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే 'కుదరదు, ఇక రాకు' అని. ఆ అమ్మాయికి 'ఆగి మళ్ళీ పంపండి' అన్నాను చూశారా, అది 4కు చెప్పాల్సిన జవాబు. ఆమెకు వచ్చింది 5. ఎన్నిసార్లు పంపినా అది పోదు.

నిజానికి వాపస్ రావడం అదృష్టం. 2022 జనవరి 1న ప్రపంచమంతా చాలా ఎక్స్ఛేంజ్ సర్వర్లలో ఇంతకన్నా ఘోరం జరిగింది. మెయిల్‌లో వైరస్ ఉందేమో చూసే భాగం తన అప్‌డేట్ నంబర్‌ను తేదీతో మొదలుపెట్టేది. కొత్త సంవత్సరం రాగానే ఆ నంబర్ 2201010001 అయింది. దాన్ని దాచుకునే చోట పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. అంతే, ఆ భాగం కుప్పకూలింది. మెయిల్స్ పోలేదు, వాపస్ రాలేదు, క్యూలో కూర్చున్నాయి. మన టైమ్ ప్రకారం పొద్దున ఐదున్నర. పంపినవాళ్ళు ముట్టిందనుకున్నారు, అందాల్సినవాళ్ళు ఎవరూ పంపలేదనుకున్నారు. తర్వాత ఇచ్చిన అప్‌డేట్ నంబర్ 2112330001. చదివి చూడండి, 2021 డిసెంబర్ 33! క్యాలెండర్‌లో లేని తేదీని సృష్టించి గండం గట్టెక్కారు.

నాకు ఆ రోజు అంత కష్టం లేదు. ప్రతి మెయిల్ కారణం మోసుకొచ్చే తిరిగొచ్చింది. నేనే పై రెండు లైన్లు చూసి వదిలేశాను. నాయిన అన్నాక ఒకదాన్ని పూర్తిగా తెరిచాను. కింద చిన్న అక్షరాల్లో 550 5.1.1 అని ఉంది. అలాంటి మనిషి లేడు అని. మరి ఎవరు లేరంటోంది? దాని పక్కనున్నది మెయిల్ అడ్రసే కాదు. రెండు లైన్ల పొడుగున, స్లాష్‌లూ ఈక్వల్ గుర్తులతో గజిబిజిగా ఉంది.

దాన్ని చూడగానే కడుపులో చల్లబడింది. ఆ గజిబిజిని నేను గుర్తుపట్టాను. శుక్రవారం నా చేతులతో తీసేసింది అదే.

సంగతేంటంటే, ఒకే కంపెనీలో ఇద్దరు మెయిల్ పంపుకుంటే ఎక్స్ఛేంజ్ లోపల మనం వాడే 'ఎట్' గుర్తు అడ్రస్ వాడదు. ప్రతి ఉద్యోగికి లోపల ఒక పాత తరహా పొడుగు పేరు ఉంటుంది. ఊళ్ళో ఎవరూ ఇంటి నంబర్ చెప్పరు కదా, 'ఫలానా మల్లయ్య చిన్న కొడుకు' అంటారు, అలాగ. పాత మెయిల్స్ అన్నిటిలో పంపినవాళ్ళ గుర్తుగా ఉండేది ఆ పేరే. ఔట్‌లుక్‌లో రెండక్షరాలు కొట్టగానే కింద వచ్చే సూచనల వెనక ఉండేదీ అదే. కొత్త సర్వర్ కొత్త పొడుగు పేరు ఇస్తుంది. అప్పుడు పాత పేరును కూడా ఆ మనిషి అకౌంట్‌లో అదనపు అడ్రస్‌గా రాసిపెట్టాలి. దాన్ని ఎక్స్500 అడ్రస్ అంటారు. రాయకపోతే పాత మెయిల్‌కు రిప్లై కొట్టిన ప్రతిసారీ కొత్త సర్వర్ 'ఈ పేరుతో ఇక్కడెవరూ లేరు' అంటుంది. మనిషి పక్క సీట్లోనే ఉంటాడు.

740 మంది వివరాల షీట్‌లో ఆ పాత పేర్లకు ఒక కాలమ్ ఉంది. షీట్ చూడ్డానికి చిందరవందరగా ఉందని, పాత సర్వర్ చెత్త ఇక్కడెందుకని, ఆ కాలమ్ డిలీట్ చేశాను. టెస్టుల్లో దొరకలేదు, ఎందుకంటే టెస్టులన్నీ కొత్త మెయిల్స్‌తోనే చేశాను. పాత మెయిల్‌కు ఒక్క రిప్లై కొట్టి చూడలేదు.

టైమ్ పదకొండూ నలభై. ముందు వరంగల్ అమ్మాయికి ఫోన్ చేశాను. "పాతదానికి రిప్లై కొట్టకండి. కొత్త మెయిల్ తెరిచి, కింద వచ్చే సూచన నొక్కకుండా, అడ్రస్ మొత్తం టైప్ చేసి పంపండి." రెండు నిమిషాల్లో వెళ్ళింది. అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్నకు మోకాలి ఆపరేషన్. ఇన్సూరెన్స్ కాగితాలు మధ్యాహ్నం పన్నెండు లోపు అందాలని శుక్రవారం ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆమె హాస్పిటల్ వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ మెయిల్‌కే రిప్లై కొడుతూ ఉంది, పొద్దుటి నుంచి ఐదుసార్లు. మెయిల్ చేరినా, అవి చూసి ముందుకు పంపేసరికి గడువు దాటింది. ఆపరేషన్ గురువారానికి పోయింది.

"ఫర్వాలేదన్నా," అంది. నాకు ఫర్వా అయింది. ఆ ఒక్క మాట తొమ్మిదిన్నరకు చెప్పడానికి నాకేం అడ్డు లేదు. చదవకపోవడం తప్ప.

పాత సర్వర్ ఇంకా ఆపలేదు కాబట్టి పేర్లన్నీ మళ్ళీ దొరికాయి. స్క్రిప్ట్ రాసి 740 అకౌంట్లకూ చేర్చాను. ఇక్కడో జాగ్రత్త ఉంది. స్క్రిప్ట్‌లో 'చేర్చు' అనాలి, 'మార్చు' అంటే ఉన్న అడ్రస్‌లు కూడా పోతాయి. అందుకే ముందు పది మందికి చేసి, పాత మెయిల్స్‌కు రిప్లైలు కొట్టి చూసి, అప్పుడు మిగతావాళ్ళకు నడిపాను. మధ్యాహ్నం ఒకటిన్నరకు అంతా సర్దుకుంది. రిపోర్టులో 'సాంకేతిక కారణాల వల్ల' అని రాసి, కాసేపు చూసి, కొట్టేశాను. కాలమ్ తీసేసింది నేనే అని రాశాను. మేనేజర్ తిట్టాడు. తిట్టాల్సిందే.

ఆ రాత్రి నాయిన తన పాత నోట్‌బుక్ తీసి చూపించాడు. ఊరు విడిచి పోయినవాళ్ళ పేర్లున్నాయి అందులో. ఒకరు ఇబ్రహీంపట్నంలో కొడుకు దగ్గర, ఒకరు ఎల్బీనగర్‌లో పనికి, ఒకామె పెళ్ళై దేవరకొండకు. ఎవరి పేరా కొట్టేసి లేదు. పక్కన కొత్త అడ్రస్ మాత్రం రాసుంది.

"మనిషి పోతడు. పేరు మీద ఉత్తరం వస్తనే ఉంటది," అన్నాడు.

ఇంకో పేజీలో నడవలేనివాళ్ళ పేర్లు. వాళ్ళకు ఉత్తరం గడప మీద పెట్టి రాకూడదు, లోపలికి పోయి చేతికివ్వాలి. కొందరు వంగి తీసుకోలేరు. మా దగ్గర ముట్టింది అంటే చేతిలో పడింది అని. సర్వర్‌లో డెలివర్డ్ అని చూపించడం వేరు. ఆ అమ్మాయి అడిగింది ఆ మాటే.

అప్పట్నుంచి నా మైగ్రేషన్ చెక్‌లిస్టులో మొదటి లైన్ మారింది. 'మూడు నెలల పాత మెయిల్‌కు రిప్లై కొట్టి చూడు.' ఎవరైనా మెయిల్ పోవట్లేదని ఫోన్ చేస్తే ముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. దాని మీద ఏం రాసుందో చివరిదాకా చదువుతారా? ఎప్పటిలోపు ముట్టాలి?