పట్టీ మీద గులాబీ రంగు

“వేడి చేసిందమ్మా. సబ్జా తాగాను, బార్లీ తాగాను, తగ్గట్లేదు.” వేసవిలో మా ప్రభుత్వాసుపత్రి ఓపీలో రోజూ వినే మాట ఇది. ఆ తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెబుతారు: “ఒంటికి పోతే మంట.”

ఎన్నిసార్లు వెళ్లాల్సి వస్తోంది, వెళితే నాలుగు చుక్కలేనా, తెల్లబట్ట అవుతోందా, నెల తప్పిందా అని అడుగుతాను. చలిజ్వరం, నడుం పక్కన పోటు ఉంటే కిడ్నీ దాకా పాకిందేమోనన్న భయం. మంట, మాటిమాటికీ వెళ్లడం రెండూ ఉండి, తెల్లబట్ట, దురద లేవంటే మూత్రంలో ఇన్ఫెక్షనేనని నూటికి తొంభై పాళ్లు ఆ మాటల్లోనే తేలిపోతుంది.

ఓసారి చీరల కొట్టులో పనిచేసే అమ్మాయి వచ్చింది. లక్షణాలన్నీ ఉన్నాయి. మొదట కాస్త వదిలేసి మధ్యధార పట్టమని డబ్బా ఇచ్చాను. మూత్ర పరీక్ష పట్టీ ముంచి తీసి, అంచు డబ్బా మూతికి ఆనించి, వాచీ చూస్తూ నిలబడ్డాం. నిమిషానికి గులాబీ రంగు తిరగాల్సిన నైట్రైట్ గడి తెల్లగానే ఉండిపోయింది. రెండో నిమిషానికి తెల్లకణాల గడి మాత్రం ఊదా తిరిగింది. “నైట్రైట్ నెగెటివ్ మేడమ్” అంది పక్కనున్న ట్రైనింగ్ నర్సు, ఇన్ఫెక్షన్ లేనట్టే అన్న ధోరణిలో.

“ఇందాక ఎప్పుడు వెళ్లావమ్మా?” అని అడిగాను.

“చీటీ లైన్లో ఉండగానే రెండుసార్లు వెళ్లొచ్చానండీ.”

జవాబు అక్కడే ఉంది. ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చాలంటే మూత్రం సంచిలో దాదాపు నాలుగు గంటలు నిలవాలి. జబ్బు ఆ అమ్మాయిని అరగంట కూడా కూర్చోనివ్వట్లేదు, ఇక గడి రంగెలా తిరుగుతుంది? పైగా ఎంటరోకోకస్ లాంటివి నైట్రైట్ అసలు చేయవు. కల్చర్‌కు పంపి, ఫలితం కోసం ఆగకుండా ఐదు రోజులకు నైట్రోఫ్యూరంటాయిన్ రాశాను. మూత్రం ముదురు రంగులో వస్తే భయపడొద్దని చెప్పాను. కొట్టులో ఆడవాళ్లకు బాత్రూమ్ లేదట, అందుకని పొద్దుట్నుంచి నీళ్లే తాగదట. ఆ మాటకు నా దగ్గర మందు లేదు, కోపం మాత్రం ఉంది.

ఇన్ఫెక్షన్ అనాలంటే కల్చర్‌లో మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా ఉండాలన్న గీత 1950లలో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ పరిశోధనల నుంచి వచ్చింది. ల్యాబ్‌లో మైక్రోలీటరు పట్టే తీగ లూప్‌తో ప్లేటు మీద గీస్తారు, వంద చుక్కలు మొలిస్తే లక్ష. మంట ఉన్న ఆడవాళ్లలో అంతకంటే చాలా తక్కువున్నా లెక్కలోకి తీసుకోవాల్సిందే. డబ్బాను మే నెల ఎండకి బల్ల మీద వదిలేస్తే వందలు లక్షలవుతాయి. అందుకే వెంటనే పంపడం కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టిస్తాను.

నేను పొరబడింది మాత్రం ఆ నర్సు పొరపాటుకు తలకిందులుగా. ఎనభై ఏళ్ల మామ్మ నిన్నటి నుంచి మత్తుగా ఉందని కొడుకు తీసుకొచ్చాడు. జ్వరం లేదు, మంట లేదు. “పస్ సెల్స్ నిండా ఉన్నాయట మేడమ్” అని రిపోర్టు చేతికిచ్చాడు. నేనూ యాంటీబయాటిక్ రాసేశాను. రెండు రోజులైనా ఆమె తేరుకోలేదు. అప్పుడు చేయిస్తే సోడియం బాగా పడిపోయి ఉంది. కారణం బీపీకి వేసుకుంటున్న, నీరు తీసే మాత్ర. ఆ వయసులో ఏ బాధా లేకుండానే మూత్రంలో పస్ సెల్స్, బ్యాక్టీరియా ఉండటం మామూలే. గర్భిణి అయితే బాధ లేకున్నా వెతికి వైద్యం చేస్తాం, మామ్మకు ఆ అవసరం లేదు. నా చీటీ వల్ల ఆమెకు రెండు రోజులు పోయాయి.

ఇప్పుడెవరైనా రిపోర్టు ముందుకు జరిపితే బల్ల మీద బోర్లించి పెడతాను. “తర్వాత చూస్తాను, ముందు మామ్మకి ఎప్పట్నుంచి ఎలా ఉందో చెప్పండి” అంటాను.