టోక్యో వకీలు, ఈక గాలం

గాలానికి ఎర బదులు ఈక ముడి కట్టి చేపను పట్టే పద్ధతి ఒకటుంది. చేప దాన్ని పురుగనుకోవాలి. చిన్న మోసమే, కానీ దానికీ నియమాలున్నాయి. ఆ నియమాల మీద మోజుపడ్డవాడు వకీలని తెలిస్తే నాకేమీ ఆశ్చర్యం వేయలేదు.

థామస్ బ్లేక్‌మోర్‌ది అమెరికాలోని ఓక్లహోమా. రెండో ప్రపంచయుద్ధానికి ముందే టోక్యో వెళ్లి అక్కడి చట్టం చదువుకున్నాడు. యుద్ధం ముగిశాక జపాన్‌లోని ఆక్రమణ పాలన న్యాయవిభాగంలో పనిచేశాడు. గెలిచిన దేశం మనిషి, ఓడిన దేశపు భాషలోనే లాయరు పరీక్ష రాసి నెగ్గాడు! బ్లేక్‌మోర్ అండ్ మిత్సుకి అనే ఆఫీసు అలా మొదలైంది. బాంబుల బూడిదలోంచి లేస్తున్న ఆ నగరంలో వ్యాపారం చేద్దామని వచ్చే విదేశీ కంపెనీలకు దారి తెలిసినవాళ్లు కావాలి మరి.

జపాన్ 1949 చట్టం విదేశీ లాయర్లకు తెరిచిన తలుపు 1955లో మూసుకుంది, లోపలికి వచ్చినవాళ్లు మాత్రం ఉండిపోయారు. అదే ఏడు, టోక్యో పడమటి కొండల్లో యోజావా ఏటి ఒడ్డున బ్లేక్‌మోర్ చేపల వేటకో చోటు ఏర్పాటు చేశాడు. అక్కడ ఈక గాలాలకే అనుమతి.

ఒప్పందాలు రాసే చెయ్యి సెలవురోజున కూడా షరతు పెట్టకుండా ఉండలేకపోయిందేమో. లేక, పరాయి నేల మీద తనకంటూ ఒక చిన్న చట్టం రాసుకోవాలనిపించిందా? నాకు రెండోదే నచ్చుతుంది.