కరెంట్ పెట్టించుకునే వైద్యం

మా అశోక్ చౌక్‌లో ఫిజియోథెరపీ అనే మాట ఎవరి నోట్లోనూ తిరగదు. "కరెంట్ పెట్టిచ్చుకొని వస్త" అంటరు. కొంతమంది మరాఠీలో అన్నట్టు "షేక్ తీసుకొని వస్త" అంటరు. నడుము పట్టినా, మెడ పట్టినా, జబ్బ లేవకపోయినా అదే మాట. మాట చిన్నదే గాని, ఈ వృత్తి గురించి ఇప్పుడు నడుస్తున్న తగాదా సగం అందులోనే ఉంది.

మన ఇంట్లో తరతరాలుగా ఒళ్లే పనిముట్టు. తాత గుంట మగ్గం నేసిండు, కాళ్లు గుంటలో, చేతులు పైన. బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో పన్నెండు గంటలు నిలబడి, ఈ మగ్గానికీ ఆ మగ్గానికీ తిరిగిండు. అమ్మ పెళ్లి కాకముందు నుంచే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నది. అందుకే తాతకు మోకాళ్లు, బాపుకు నడుము, అమ్మకు మెడ, భుజం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్త, నా వంతుకు కుడి మణికట్టు వచ్చింది. ఆస్తి పంపకాలు కూడా ఇంత సక్కగ జరగవు.

రెండేళ్ల కింద అమ్మ కుడి చెయ్యి లేవడం మానేసింది. కొప్పు పెట్టుకోలేదు, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేదు. డాక్టరు చూసి ఫ్రోజెన్ షోల్డర్ అన్నడు. భుజం కీలు చుట్టూ ఉన్న పొర వాచి, బిగుసుకుపోతది. నలభై, అరవై ఏళ్ల మధ్య ఎక్కువ, ఆడవాళ్లలో ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. అమ్మకు మూడూ ఉన్నయి. తగ్గడానికి ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా పైన పడుతుంది.

మొదట ఒక క్లినిక్‌కు పోయింది, పేరు వద్దు. పది సిట్టింగులు. భుజానికి జెల్ రాసి, మిషన్ తిప్పి, తర్వాత కరెంట్ ప్యాడ్లు పెట్టి ఒక పిల్లగాడు ఫోన్ చూసుకుంట కూర్చునేవాడు. ఒక్కో సిట్టింగ్‌కు ఇంచుమించు వెయ్యి బీడీల కూలి. పోయి వచ్చే టైముకు సగం పూట పని కూడా పాయె. పది రోజుల్లో అమ్మ ఏం పని చేస్తదో ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు.

మిషన్లు దండుగ అని నేను అనను. వేడి తగిలితే నొప్పి కాస్త సద్దుమణుగుతుంది, అంతవరకు నిజమే. కాని 2016లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ నైస్ నడుము నొప్పి మీద ఇచ్చిన సూచనల్లో అల్ట్రాసౌండ్, టెన్స్, ఇంటర్‌ఫెరెన్షియల్ కరెంట్ ఇవ్వొద్దనే ఉంది. వ్యాయామం మాత్రం చేయించమన్నరు. మన గల్లీల్లో తలకిందులుగ నడుస్తున్నది. మిషన్‌కు పైసలు తీసుకునుడు సులువు. పేషంట్‌తో వ్యాయామం చేయించాలంటే మనిషి పక్కన నిలబడాలి, ఓపిక కావాలి.

ఓపిక ఉన్న మనిషి రెండోసారి దొరికింది. చదువు అయిపోయి ఎక్కువ ఏండ్లు కాని అమ్మాయి. మొదటి రోజు అమ్మతో చాట తెప్పించి, కింద కూర్చోబెట్టి, "బీడీ ఎట్ల చేస్తరో చూపించండి" అన్నది. మెడ ఎంత వంగుతున్నది, మోచెయ్యి ఎక్కడ గాలిలో ఉంటున్నది చూసింది. చాట కింద చిన్న పీట పెట్టించింది, వీపుకు గోడ ఆసరా ఇప్పించింది, ప్రతి కట్టల లెక్కకు ఒకసారి లేవమన్నది. వ్యాయామాలు మూడే. ముందుకు వంగి చెయ్యిని లోలకం లెక్క ఊపుడు, గోడ మీద వేళ్లతో పైకి ఎక్కుడు, వీపు వెనక టవల్ పట్టుకుని కిందికీ పైకీ లాగుడు. టవల్ ఎక్కడ కొనాలని అమ్మ అడగలేదు, సోలాపూర్‌లో ఆ ప్రశ్న రాదు.

ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం మాత్రం ఇంగ్లిష్‌లో, కొంత మరాఠీలో ఉంది. అమ్మ చదివింది తెలుగు బడిలో నాలుగో తరగతి. నేను చదివింది కన్నడ బడి. కన్నడ అక్షరం తెలిసిన కంటికి తెలుగు అక్షరం మేనత్త బిడ్డ లెక్కనే కనబడుతుంది, అందుకే పెద్దయ్యాక నేర్చుకున్న. ఆ కాగితం నేనే పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి బియ్యం డబ్బా పైన అంటించిన. చేసినోళ్లకు చేసినంత అని అమ్మ భాషలో ఉంటేనే అది మందు.

ఇక పైన జరుగుతున్న కొట్లాట వేరే. మన దేశంలో ఫిజియోథెరపీ చదువు 1950ల మొదట్లో ముంబై కేఈఎం ఆస్పత్రిలో, పోలియో పిల్లల కోసం మొదలైంది. అన్నేళ్ల తర్వాత 2021లో గాని అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం రాలేదు. మహారాష్ట్రకు అంతకుముందే 2002 నాటి సొంత కౌన్సిల్ చట్టం ఉంది. 2025 సెప్టెంబర్ 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్, ఫిజియోథెరపిస్టులు పేరు ముందు 'డాక్టర్' పెట్టుకోవద్దని లేఖ ఇచ్చింది. అంతకు ముందురోజే ప్రపంచ ఫిజియోథెరపీ దినం! మర్నాడే ఆ లేఖ వెనక్కి తీసుకున్నరు. డాక్టర్ అనాలా వద్దా అని టీవీల్లో అరుచుకున్నరు. నా లెక్కలో అది మనకు రెండో ప్రశ్న. మొదటిది, బోర్డు పెట్టిన మనిషికి డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉన్నయా లేదా అన్నది. ఆ నంబర్ గోడ మీద కనబడాలి. ఇంకోటి, ఈఎస్ఐ కింద ఈ వైద్యం దొరకాలంటే కార్ఖానాలో పది మంది ఉండాలి. నాలుగు మగ్గాల షెడ్లలో పది మంది ఎక్కడి నుంచి వస్తరు?

మా చిన్నమ్మకు కూడ పోయిన నెల ఎడమ భుజం పట్టింది. అదే అమ్మాయి దగ్గరకు పంపితే గంటలో తిరిగొచ్చింది, మొహం ముడుచుకొని. "కరెంట్ పెట్టనే లేదక్కా, పైసలెందుకు తీసుకున్నట్టు?" అన్నది. అమ్మ జవాబు చెప్పలేదు, గోడ దగ్గరకు తీసుకుపోయి నిలబెట్టింది. వంటింటి తలుపు పక్కన పెన్సిల్ గీతలున్నయి, వారానికి ఒకటి, అమ్మ వేళ్లు ఎక్కినంతవరకు. టవల్ ఇంకా వీపు నడుమదాకా రాదు గాని, కొప్పు తనే పెట్టుకుంటున్నది. ఇప్పుడు పక్కన చిన్నమ్మ గీత కూడా ఒకటి చేరింది, అమ్మ గీతకు జానెడు కింద.