బొచ్చె లారీలో వస్తుంది, వాలుగ రాదు

ఆదివారం పొద్దున్నే వైజాగ్ నుంచి అరకు బయల్దేరిన బైకుల్లో చాలావరకు ఎస్.కోటలో టిఫినుకి ఆగుతాయి. శృంగవరపుకోట అని పేరు మొత్తం పలికేది రైల్వేస్టేషన్ మైకు ఒక్కటేనేమో, మిగతా అందరికీ ఎస్.కోటే. ఇడ్లీ తింటారు, పెట్రోలు కొట్టిస్తారు, కొండెక్కేస్తారు. ఈసారి మీరు కొండెక్కడం మానేసి తాటిపూడి వైపు తిరగండి. అరగంట చాలు. దారంతా మామిడితోటలు, జీడితోటలు, పొలాలు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఎదురుగా నీళ్ళు, నీళ్ళ వెనక కొండలు.

అవి గోస్తనీ నది నీళ్ళు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, కిందికొచ్చి ఇక్కడ ఆగుతాయి. 1963లో మొదలుపెట్టి 1968 నాటికి ఆనకట్ట పూర్తిచేశారు. 15 వేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు, దాంతోపాటు విశాఖపట్నానికి తాగునీరు. అంటే వైజాగ్‌లో మీరు తాగే గ్లాసులో కొంత ఇదే అయ్యుండొచ్చు. ఆనకట్ట దాటిన ఏరు జామి మీదుగా వెళ్ళి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బోటు షికారు, కొండలు కనపడేలా సెల్ఫీ... ఇవన్నీ మీకు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి. నేను వెళ్ళింది గాలం వేసేవాళ్ళ కోసం.

వాళ్ళు బోటు ఎక్కే చోట కనపడరు. నీళ్ళు పొలాల్లోకి నాలుకలా చొచ్చుకొచ్చిన మూలలు వెతుక్కుంటూ నడవాలి. ఒక మూల ముగ్గురు కూచుని ఉన్నారు. ఇద్దరివి వెదురు కర్రలు, నెమలీక కాడతో చేసిన బెండ్లు. మూడోవాడు కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. ఆన్‌లైన్లో తెప్పించిన రాడ్డు, దానికి రీలు. (రీలు అంటే ఇన్‌స్టా రీలు కాదు, దారం చుట్టుకునేది.) అందరిలోకీ పెద్దాయన నన్ను చూడగానే పెదవి మీద వేలు పెట్టాడు. మాట్లాడొద్దని కాదు, అడుగులు గట్టిగా వేయొద్దని.

"సేపకి సెవులు ఒంటినిండా ఉంటాయి బావూ. నువ్వు మాటాడితే దానికి బెంగ నేదు. నేల అదిరితే పోద్ది."

ఇక్కడ ఎక్కువగా పడేది బొచ్చె. పెద్ద తలకాయ, పైకి తిరిగిన నోరు, నీళ్ళ పైపొరలో తిరుగుతూ సూక్ష్మజీవుల్ని వడకట్టి తింటుంది. దానికి వానపాము పెడితే ముఖం తిప్పుకుంటుంది. తవుడు, వేరుశెనగ చెక్క, కాస్త మైదా కలిపి ముద్ద చేసి పెడతారు. ఆ ముద్ద నీళ్ళలో మెల్లిగా విడిపోవాలి. గట్టిగా ఉంటే దండగ, మెత్తగా ఉంటే విసరగానే రాలిపోతుంది. ఈ పిండి కలపడం దగ్గరే ముగ్గురికీ మూడు సిద్ధాంతాలు. ఒకాయన అందులో సోంపు వేస్తాడు. ఎందుకంటే చెప్పడు.

బొచ్చె బాగా ఎదిగితే 38 కిలోలు దాటిన రికార్డు ఉంది. కానీ ఒక సంగతి తెలిశాక నాకు ఆ చేపని చూసే చూపే మారిపోయింది. నిలవనీళ్ళలో అది గుడ్లు పెట్టదు. వానాకాలంలో పారే నది కావాలి. మరి రిజర్వాయర్లలో ఇన్ని బొచ్చెలు ఎలా వస్తున్నాయి? 1957 జులై 10న మన పక్క రాష్ట్రంలోనే, ఒడిశాలో, హీరాలాల్ చౌధురి, అలీకుని అనే శాస్త్రవేత్తలు చేపలకి పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. అంతకుముందు చేపపిల్లలు కావాలంటే వరద నదిలో వల వేసి ఏరుకోవడమే. అందుకే జులై 10ని దేశమంతా చేప రైతుల దినంగా జరుపుకుంటారు. ఇప్పుడు పిల్లలు హేచరీలో పుడతాయి, ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో లారీ ఎక్కుతాయి, రిజర్వాయర్లో దిగుతాయి. అయిపోతే మళ్ళీ తెస్తారు.

వాలుగ అలా కాదు. పొలుసుల్లేని వెండి ఒళ్ళు, కళ్ళు దాటి చీలిన నోరు, లోపల వరసలు వరసలుగా పళ్ళు, రెండు పొడుగాటి మీసాలు. మంచినీటి సొరచేప అని పేరు. రెండు మీటర్లు దాటుతుందని పుస్తకాల్లో ఉంది కానీ, ఈ రోజుల్లో మీటరు వాలుగ పడిందంటే ఊరంతా ఫోన్లు పట్టుకుని వస్తుంది. చిన్నచేపల్ని తిని బతుకుతుంది కాబట్టి దాన్ని ఎవరూ హేచరీ నుంచి తెచ్చి వదలరు. లారీలో దించిన బొచ్చె పిల్లల్ని అదే తినేస్తుంది మరి! ఏటిలో పుట్టిందే వాలుగ. మొదటి వానలకి పల్లపు చోట్ల నీళ్ళెక్కితే అక్కడికొచ్చి గుడ్లు పెడుతుంది. 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దాన్ని ముప్పు ఉన్న జాతుల్లో చేర్చింది.

కెనడాలో సర్రే దగ్గరుండే మా బ్యాచ్‌మేట్ పంపిన వీడియో ఒకటి నా ఫోన్లో ఉంటే వాళ్ళకి చూపించాను. ఫ్రేజర్ నదిలో స్టర్జన్ పట్టాడు. మనిషి కన్నా పొడుగు చేప, ఒంటిమీద పొలుసులకి బదులు ఎముక పలకలు, మూతి కింద మీసాలు. రాక్షసబల్లుల కాలం నుంచీ ఉన్న వంశం. తెల్ల స్టర్జన్ వందేళ్ళు దాటి బతకగలదు. ఆడచేప మొదటిసారి గుడ్లు పెట్టడానికే పదిహేను, ఇరవయ్యేళ్ళు పట్టొచ్చు. వీడియోలో మావాడు దాన్ని నీళ్ళలోంచి ఎత్తకుండానే పక్కన నిలబడి ఫోటో దిగి, వదిలేశాడు.

"అదేటి? కూరొండుకోరా?" అన్నాడు పెద్దాయన.

అక్కడ 1994 నుంచి స్టర్జన్‌ని ఇంటికి తీసుకెళ్ళడానికి లేదని, గాలానికి ఎదురుముల్లు కూడా ఉండకూడదని చెప్పాను. దానికి దగ్గర చుట్టమొకటి చైనా యాంగ్జీ నదిలో ఉండేది, పాడిల్ ఫిష్. గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే దారిలో 1981లో గెజూబా ఆనకట్ట అడ్డం పడింది. 2022లో ఆ చేప ఇక లేదని ప్రకటించారు. గోదావరి పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోయే కథ మనకి తెలిసిందే కదా. పెద్దాయన ఏమీ అనలేదు, ఆనకట్ట వైపు ఓసారి చూశాడు.

అప్పటికి రెండు పెద్ద వానలు పడి ఉన్నాయి. పదకొండు దాటాక కుర్రాడి రాడ్డు వంగిపోయింది. కోడి పేగులు ఎరగా పెట్టాడు, అంటే వాడు వచ్చిందే వాలుగ కోసం. పావుగంట పైనే పెనుగులాడి ఒడ్డుకి లాగాడు. నా చేయంత పొడుగుంది. పొట్ట ఉబ్బుగా ఉంది. పెద్దాయన అరచేత్తో మెల్లిగా తడిమి చూశాడు.

"గుడ్లమీదున్నాది. ఒగ్గీరా అల్లుడా."

"ఒగ్గీడమేటి మావా! నిన్న రోజల్లా ఒట్టి సేతుల్తో ఎల్లిపోనాను. ఇది ఒగ్గీసినా రేపు ఇంకోడు పట్టుకుంటాడు. పైగా ఇది మన బొచ్చె పిల్లల్నే గదా తింతాది."

"బొచ్చెలు మళ్ళీ తెస్తారు. దీన్నెవుడు తెస్తాడ్రా?"

ఇద్దరి మాటల్లోనూ నాకు తప్పు కనపడలేదు. సరదాకి పట్టి వదిలేసేవాడి లెక్క వేరు, ఆ రోజు కూలి మానుకుని వచ్చినవాడి లెక్క వేరు. ఫ్రేజర్ వీడియో చూపించి ఇక్కడ నీతులు చెప్పడం నా వల్ల కాదు. కానీ సముద్రంలో మరపడవల వేటకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు విరామం ఉంది, గుడ్లు పెట్టే కాలమనే కదా. ఏటి గట్టున ఆ కొన్ని వారాలు వాలుగని వదిలేయడం అసాధ్యమేం కాదు. మీలో గాలం సరదా ఉన్నవాళ్ళు మొదలుపెట్టొచ్చు, మీకు కూలి పోయేదేం లేదు. అన్నట్టు, ఇలాంటి రిజర్వాయర్లలో వేట లైసెన్సు మీద సాగుతుంది. ఒడ్డునున్న మత్స్యకారుల్ని అడక్కుండా గాలం తీయకండి.

కుర్రాడు వదల్లేదు. కాసేపట్లో ఒకాయన బండి మీద వచ్చి, అక్కడే తూచి, చేపని గోనెసంచిలో వేసుకుపోయాడు. కుర్రాడు డబ్బులు లెక్కపెట్టుకుని, అందులోంచే మా అందరికీ టీ తెప్పించాడు. పెద్దాయన టీ తీసుకున్నాడు, మాట మాత్రం ఆడలేదు. కాసేపాగి నా పక్కకి జరిగి కూచున్నాడు.

"బావూ, ఆ ఒగ్గీసినది ఇంకోసారి సూపించు."

సిగ్నల్ లేకపోయినా వీడియో ఫోన్లోనే ఉంది. చూపించాను.