ఆగి ఆగి నడిచే బండికి నెల్లిమర్ల వైద్యం

విజయనగరంలో పాలకొండ వెళ్లే రోడ్డెక్కితే ఎంతోసేపు పట్టదు, నెల్లిమర్ల వచ్చేస్తుంది. ఆ పేరు చెప్పగానే ఉత్తరాంధ్రలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది జూట్‌ మిల్లు. గోగునారను గోనెసంచులుగా మార్చి తరాల పాటు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిన మిల్లు అది. మూతపడటం, మళ్లీ తెరుచుకోవడం దానికీ ఊరికీ కొత్త కాదు. ఊరి చెంతనే చంపావతి నది. ఇంకో నాలుగైదు కిలోమీటర్లు ముందుకెళితే రామతీర్థం. కొండ కింద రాములవారి గుడి, పక్కనున్న గురుభక్తులకొండ మీద బౌద్ధుల కాలంనాటి శిథిలాలు. శ్రీరామనవమికి, శివరాత్రికి ఆ దారి జనంతో కిటకిటలాడుతుంది.

ఆ జనాన్ని మోసే బండ్లలో పాతవీ ఉంటాయి. పాతబండికి వచ్చే జబ్బుల్లో అతి చిరాకైనది ఏదంటే, ఉండీ ఉండీ వచ్చేదే! పూర్తిగా ఆగిపోయిన బండిని బాగు చేయడం తేలిక. కాసేపు నడిచి, కాసేపు నీరసించి, షెడ్డుకు తీసుకెళ్లేసరికి గుర్రంలా పరిగెత్తే బండితోనే తంటా.

రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డుకు అలాంటి డీజిల్‌ జీపే వచ్చింది. ఖాళీగా ఉంటే బాగానే పోతుంది. మనుషుల్ని నిండా ఎక్కించుకుని ఎనిమిదీ పది కిలోమీటర్లు వెళ్లేసరికి ఊపు తగ్గిపోతుంది. పది నిమిషాలు ఆపితే మళ్లీ మామూలే! అంతకుముందు చూసినవాళ్లు పంపు పోయిందని తేల్చేశారు. పంపు పని అంటే వేలల్లో మాట. జీపే జీవనాధారమైన మనిషికి అది నెలల సంపాదన. అలాగని వదిలేస్తే? లారీని దాటబోతున్నప్పుడో, రైలు గేటు మధ్యలోనో ఇంజిన్‌ చతికిలబడితే లోపలున్న వాళ్ల ప్రాణాల సంగతేమిటి?

మేస్త్రి స్పానర్‌ పట్టుకోలేదు. ముందు ప్రశ్నలే.

''ఎప్పుడు ఆగతందో నువ్వు సెప్పు తమ్ముడూ, ఎందుకాగతందో నే సెప్తాను. పొగొస్తందా?''

''నేదు మేస్త్రీ. తొక్కినా పొగే నేదు.''

ఆ ఒక్క జవాబుతో సగం దారి తెలిసిపోయింది. నల్లపొగ కక్కుతూ నీరసిస్తే గాలి చాలడం లేదని, లేదా నాజిల్స్‌ సరిగ్గా చిమ్మడం లేదని అనుమానించాలి. పొగ లేకుండా నీరసిస్తే డీజిలే అందడం లేదన్నమాట. డీజిల్‌ దారి పెద్దదేం కాదు. ట్యాంకు, గొట్టం, ఫీడ్‌ పంపు, ఫిల్టర్‌, అసలు పంపు, నాజిల్స్‌. ఆ దారిలో అడ్డు ఎక్కడుందో పట్టుకోవాలి, అంతే.

ఫిల్టర్‌ అప్పటికే కొత్తది. బండి నీరసించిన క్షణంలోనే ట్యాంకు మూత తీయించారు. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి డీజిల్‌ కదలదు. మూత తీయగానే 'ఉస్‌'మని శబ్దం వచ్చి బండి తేరుకుంటుంది. ఇక్కడ అదేం జరగలేదు. తర్వాత ఫీడ్‌ పంపుకు ముందు పారదర్శకమైన గొట్టం ముక్క కలిపారు. జాయింట్ల దగ్గర గాలి పీల్చుకుంటుంటే అందులో బుడగలు కనిపిస్తాయి. అవీ లేవు.

ఆఖరి పరీక్ష అసలైనది. ట్యాంకును పక్కనపెట్టి, విడిగా ఒక డబ్బాలోంచి డీజిల్‌ అందేలా గొట్టం బిగించారు. అదే బరువుతో రామతీర్థం వెళ్లి వచ్చారు. బండి ఎక్కడా తడబడలేదు! అంటే పంపు నిక్షేపంగా ఉంది. దోషం ట్యాంకులోనే.

ట్యాంకు దింపితే బయటపడింది చారెడు తుప్పు, చిన్న గోనెపీలిక. ఎప్పుడో మూత పోయినప్పుడు కుక్కిన గోనెగుడ్డ తాలూకు ముక్క అది. బండి జోరుగా డీజిల్‌ పీల్చినప్పుడు వెళ్లి గొట్టం మూతికి అతుక్కుంటుంది. ఇంజిన్‌ ఆపగానే ఊడి అడుక్కి జారిపోతుంది. పది నిమిషాల విశ్రాంతితో జబ్బు నయమవడం వెనకున్న రహస్యం అదే. ట్యాంకు కడిగి, కొత్త మూత బిగించడంతో వైద్యం పూర్తయింది.

మీ ఇంట్లోనూ పాతబండి ఉంటే ఓ చిన్న పుస్తకం అందులో పెట్టండి. బండి నీరసించిన ప్రతిసారీ ఎంత దూరం నడిచాక, ఎంత బరువుతో, ట్యాంకులో ఎంత ఉండగా, పొగ ఏ రంగులో వచ్చిందో రాసుకోండి. పెట్రోలు బండి అయితే వేడెక్కాక మొరాయించి, చల్లారాక నడుస్తోందేమో గమనించండి. అలాగైతే ఇగ్నిషన్‌ కాయిల్‌నూ చూడమనాలి. డబ్బా పరీక్ష మాత్రం పెట్రోలుతో ఇంట్లో చేయొద్దు, నిప్పుతో చెలగాటమే. దారిలో ఊపు తగ్గితే ఎవరినీ దాటబోకుండా, ఇండికేటర్‌ వేసి ఎడమ పక్కకు తీసి ఆపేయండి.

కొత్తకార్లలో ఏం జరిగిందో కంప్యూటర్‌ గుర్తుపెట్టుకుంటుంది. పాతబండికి ఆ జ్ఞాపకశక్తి లేదు. దాని బదులు మనమే గుర్తుపెట్టుకోవాలి. సామాను మార్చే ముందు నాలుగు ప్రశ్నలు అడిగే మేస్త్రి దొరికితే మాత్రం, ఆ షెడ్డు చిరునామా జాగ్రత్తగా దాచుకోండి!